ఒక్క హెడరు నుంచి అనేక క్యాబినెట్ ఫ్యాన్లు: చంద్రపూర్ ఎండలకు తగిన అమరిక

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా ప్రాంతాల్లో మే నెల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. దానికి తోడు బొగ్గు లారీలు తిరిగే దారుల పక్కనున్న ఇళ్లలోకీ దుకాణాల్లోకీ సన్నని నల్లదుమ్ము చేరుతూనే ఉంటుంది. ఇటువంటి చోట డీటీపీ పనికో, వీడియో ఎడిటింగుకో, పిల్లల గేమ్‌లకో వాడే కంప్యూటరుకు కొన్నప్పుడు వచ్చిన ఒకే ఒక్క వెనుక ఫ్యాను సరిపోదు. మరో మూడు నాలుగు తెచ్చి బిగించాలని చూసేసరికి అసలు చిక్కు ఎదురవుతుంది: తక్కువ ధర మదర్‌బోర్డులు చాలా వాటిలో ప్రాసెసరు ఫ్యానుకు ఒకటి, క్యాబినెట్టు ఫ్యానుకు ఒకటి, మొత్తం రెండే హెడర్లు, అంటే ఫ్యాను తీగ తగిలించే పిన్నుల గుంపులు, ఉంటాయి. ఆ ఒక్క క్యాబినెట్టు హెడరు మీద నాలుగైదు ఫ్యాన్లను సురక్షితంగా, అదుపులో ఉండేలా ఎలా నడపాలో ఈ మార్గదర్శి వివరిస్తుంది. ముందుగా ఒక్క సూత్రం మనసులో ఉంచుకుంటే తక్కినవన్నీ దాని నుంచే తేలుతాయి: ఫ్యాన్లు రెండు మూడు మించితే మదర్‌బోర్డు నుంచి ఆజ్ఞను మాత్రమే తీసుకోవాలి, కరెంటును నేరుగా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటరుకంతా కరెంటు అందించే పెట్టె) నుంచి తీసుకోవాలి.

హెడరులోని నాలుగు పిన్నులు ఏం చేస్తాయి

ఒకటవ పిన్ను గ్రౌండు, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. రెండవది 12 వోల్టుల సరఫరా. మూడవది ఫ్యాను తన వేగాన్ని బోర్డుకు తెలియజేసే తీగ. ఫ్యాను ఒక చుట్టు తిరిగినప్పుడల్లా దీని మీద రెండు పల్సులు వెలువడతాయి, బోర్డు వాటిని లెక్కపెట్టి నిమిషానికి ఎన్ని చుట్లో బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే, బోర్డు సొంత అమరికల తెరలో) చూపిస్తుంది. నాలుగవది పీడబ్ల్యూఎం, అంటే వేగాన్ని శాసించే సంకేతం. సుమారు 25 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో ఈ తీగ మీద సంకేతం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది; ఒక్కొక్క ఆవృత్తిలో అది ఎంత శాతం కాలం తెరిచి ఉంటే ఫ్యాను అంత ఎక్కువ వేగంతో తిరుగుతుంది. 12 వోల్టులు మాత్రం ఎప్పుడూ పూర్తిగానే అందుతాయి.

మూడు పిన్నుల ఫ్యానులో ఈ నాలుగవ తీగ ఉండదు. దాని వేగం తగ్గించాలంటే బోర్డు సరఫరా వోల్టేజినే తగ్గించాలి. బయోస్‌లో డీసీ మోడ్ అని కనిపించేది ఇదే. మూడు పిన్నుల కనెక్టరు నాలుగు పిన్నుల హెడరులో చక్కగా కూర్చుంటుంది కనుక చాలామంది తేడా గమనించరు. ఫ్యాను తిరుగుతుంది కూడా, అయితే మోడ్ పీడబ్ల్యూఎంలో ఉన్నంత కాలం అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది.

ఇంకొక విషయం తెలిసి ఉంటే లోపాలు వెతకడం సులువవుతుంది. నాలుగు పిన్నుల ఫ్యానుకు నాలుగవ తీగ మీద సంకేతమేదీ రాకపోతే అది ఆగిపోదు, పూర్తి వేగానికి పోతుంది. ప్రమాణంలోనే అలా నిర్దేశించారు. సంకేతం తెగినా యంత్రం వేడెక్కకూడదన్నది దాని ఉద్దేశం. కాబట్టి హబ్ (అనేక ఫ్యాన్లను కలిపే చిన్న పెట్టె, దాని వివరం కింద ఉంది) పెట్టిన తరువాత ఫ్యాన్లన్నీ హోరెత్తుతూ ఉంటే, కరెంటు అందుతోందనీ ఆజ్ఞ అందడం లేదనీ అర్థం.

మొదట లెక్క, తరువాత కొనుగోలు

మదర్‌బోర్డు పుస్తకం తెరిచి, లేదా తయారీదారు సైటులో ఆ మోడలు మాన్యువల్ దింపుకొని, ఫ్యాను హెడర్ల పట్టికను చూడాలి. సాధారణ హెడరుకు ఎక్కువగా కనిపించే పరిమితి 1 ఆంపియరు, అంటే 12 వాట్లు. ప్రాసెసరును నీటితో చల్లబరిచే వాటర్ కూలరు పంపు కోసం ప్రత్యేకించిన హెడర్లకు 2 లేదా 3 ఆంపియర్ల దాకా అనుమతి ఉండవచ్చు. ఒకే తరహా బోర్డుల్లో కూడా ఇది మారుతుంది కనుక పుస్తకంలో ఉన్న అంకెనే నమ్మాలి.

తరువాత ప్రతి ఫ్యాను మధ్యభాగాన అంటించిన లేబులు చూసి, దాని మీద రాసిన ఆంపియర్లను కాగితం మీద కూడాలి. 120 మిల్లీమీటర్ల మామూలు క్యాబినెట్టు ఫ్యాన్లు చాలావరకు 0.1 నుంచి 0.3 ఆంపియర్ల మధ్య ఉంటాయి. 0.18 ఆంపియర్ల ఫ్యాన్లు మూడైతే 0.54, ఒక ఆంపియరు హెడరు మీద నిశ్చింతగా నడుస్తాయి. అదే 0.25 ఆంపియర్లవి నాలుగైతే కచ్చితంగా 1 ఆంపియరు. కాగితం మీద అది పరిమితి దాటలేదు, అయినా నేను ఆ పని చేయను. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, స్విచ్చు వేసిన వెంటనే నాలుగూ ఒకేసారి కదులుతాయి. పైగా మన వేసవిలో క్యాబినెట్టు లోపలి గాలే 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే హెడరుకు కరెంటు అందించే చిన్న భాగాలకూ, సన్నని రాగి దారికీ చల్లబడే అవకాశం తక్కువ. పరిమితిలో నాలుగింట మూడు వంతులు మించకుండా చూసుకోవడం మేలు. మించితే కొన్ని బోర్డులు రక్షణగా ఆ హెడరును ఆపేస్తాయి, కొన్నింటిలో ఆ భాగం కాలిపోతుంది. వంద రెండు వందల రూపాయల ఫ్యాను కోసం వేల రూపాయల బోర్డును పణంగా పెట్టడం అర్థం లేని పని.

లేబులు మీద కరెంటు విలువ లేని చవక ఫ్యాన్లు కూడా సంతలో దొరుకుతాయి. వాటిని నేరుగా హెడరుకు తగిలించకుండా హబ్‌కే పరిమితం చేయాలి.

మూడు మార్గాలు, వాటిలో ఏది ఎవరికి

మొదటిది వై ఆకారపు స్ప్లిటరు తీగ. ఒక చివర హెడరుకు, రెండు లేదా మూడు చివర్లు ఫ్యాన్లకు. ఇందులో కరెంటు, ఆజ్ఞ రెండూ హెడరు నుంచే వస్తాయి కనుక పైన వేసిన లెక్క పూర్తిగా వర్తిస్తుంది. మంచి స్ప్లిటరును గుర్తించడానికి ఒక ఆనవాలు ఉంది: ఫ్యాను వైపు కనెక్టర్లలో ఒక్కదానికే నాలుగు పిన్నులు ఉండి, మిగిలిన వాటికి మూడవ పిన్ను ఖాళీగా ఉంటుంది. అది లోపం కాదు. రెండు ఫ్యాన్ల పల్సులు ఒకే తీగ మీద కలిస్తే బోర్డు చదివే వేగం అర్థంలేని అంకె అవుతుంది, అందుకే ఒక్క ఫ్యాను వేగాన్నే వెనక్కి పంపుతారు.

రెండవది గొలుసు పద్ధతి. కొన్ని ఫ్యాన్ల తీగకు ఒక పక్క కనెక్టరు, మరో పక్క సాకెట్టు ఉంటాయి. ఒకదాని వెనుక మరొకటి తగిలించుకుంటూ పోవచ్చు. ఆర్కిటిక్ సంస్థ పీఎస్‌టీ అనే గుర్తుతో అమ్మే ఫ్యాన్లు ఈ తరహావి. తీగల చిక్కు తగ్గుతుంది, కానీ కరెంటు దృష్టితో చూస్తే ఇదీ స్ప్లిటరే.

మూడవది కరెంటు హబ్. దీనికి రెండు దారులు: ఎస్‌ఎంపీఎస్ నుంచి సాటా లేదా మోలెక్స్ అనే రకం కరెంటు తీగ ద్వారా 12 వోల్టులు, మదర్‌బోర్డు హెడరు నుంచి ఆజ్ఞ. హెడరులోని రెండవ పిన్ను నుంచి హబ్ ఏమీ లాగదు. సాటా కనెక్టరులో 12 వోల్టులకు మూడు పిన్నులు కేటాయించారు, ఒక్కొక్కటి 1.5 ఆంపియర్లు, కలిపి 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 0.25 ఆంపియర్ల ఫ్యాన్లు పది పెట్టినా 2.5 ఆంపియర్లే. మంచి హబ్‌లో ఆజ్ఞా సంకేతాన్ని బలపరిచి పంపే చిన్న సర్క్యూటు కూడా ఉంటుంది. దాని అవసరం చాలామందికి తట్టదు. పీడబ్ల్యూఎం తీగను ప్రతి ఫ్యానూ లోపలి నుంచి పైకి లాగి పట్టుకుంటుంది, బోర్డు దానిని కిందికి లాగుతుంది. ఫ్యాన్లు పెరిగే కొద్దీ బోర్డు లాగవలసిన కరెంటు మిల్లీ ఆంపియర్ల లెక్కన పెరుగుతూ పోతుంది. ఏడెనిమిది ఫ్యాన్లను ఉత్త తీగలతో కలిపినప్పుడు వేగం సరిగ్గా తగ్గకపోవడానికి ఇదొక కారణం.

నా సలహా సూటిగా చెబుతాను. రెండు ఫ్యాన్లయితే స్ప్లిటరు, లెక్క సరిపోతే మూడింటికీ అదే. నాలుగు, అంతకు మించితే హబ్ తప్ప మరొకటి వద్దు. మూడు పిన్నుల ఫ్యాన్లు ఉన్నవారికి మాత్రం ఒక మినహాయింపు ఉంది: పీడబ్ల్యూఎం హబ్ మీద అవి ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతాయి. వాటిని స్ప్లిటరుతో హెడరుకే తగిలించి డీసీ మోడ్‌లో నడపాలి. మూడు పిన్నులవీ నాలుగు పిన్నులవీ కలిసి ఉన్నా సరే, స్ప్లిటరు మీద డీసీ మోడ్ పెడితే సాధారణంగా రెండు రకాలూ మాట వింటాయి.

హబ్ కొనేటప్పుడు, అది నాగపూర్ దుకాణంలో అయినా ఆన్‌లైన్‌లో అయినా, మూడు సంగతులు చూడాలి: కరెంటు తీగ విడిగా ఉందా, ప్రతి సాకెట్టుకూ నాలుగవ పిన్ను ఉందా, వేగం వెనక్కి పంపే సాకెట్టు ఏదో గుర్తు పెట్టారా. చూడటానికి హబ్‌లా ఉండి కరెంటు తీగ లేనిది పెట్టెలో పెట్టిన స్ప్లిటరు మాత్రమే.

రంగు దీపాల తీగలతో జాగ్రత్త

దీపాలున్న ఫ్యానుకు రెండు తీగలు వస్తాయి, ఒకటి మోటారుకు, ఒకటి దీపాలకు. దీపాల తీగల్లో 5 వోల్టుల మూడు పిన్నుల రకం, 12 వోల్టుల నాలుగు పిన్నుల రకం ఉన్నాయి. 5 వోల్టుల దీపాలను 12 వోల్టులకు తగిలిస్తే అవి వెంటనే పోతాయి. కనెక్టరు వాటంతట అది కూర్చోకపోతే బలవంతంగా తోయకూడదు. మోలెక్స్ కనెక్టరు ఒక్కటే ఉన్న ఫ్యానుకైతే వేగ నియంత్రణ అనే మాటే లేదు. ఆరు పిన్నుల సొంత కనెక్టరు ఉన్నవి తమ కంపెనీ హబ్‌తోనే పనిచేస్తాయి.

బిగింపు

కంప్యూటరు ఆపి, ఎస్‌ఎంపీఎస్ వెనుక స్విచ్చు ఆఫ్ చేసి, గోడ నుంచి ప్లగ్గు తీసి, పవర్ బటన్ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి మిగిలిన విద్యుత్తును వదిలించాలి. క్యాబినెట్టు లోహాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోవాలి.

ఫ్యాను గాలి వీచే దిశను బిగించక ముందే చూసుకోవాలి. చట్రం అంచున బాణం గుర్తు ఉంటే సరే, లేకపోతే మోటారును పట్టుకొని ఉండే నాలుగు ఊచల వైపు నుంచే గాలి బయటికి వస్తుందని గుర్తుంచుకోవాలి. ఒక్క హెడరు మీద అన్నీ నడుస్తున్నప్పుడు లోపలికి లాగే ఫ్యాన్లకూ బయటికి తోసే ఫ్యాన్లకూ ఒకే ఆజ్ఞ అందుతుంది. వేగం తేడాతో సమతూకం చేసే వీలు ఉండదు కనుక సంఖ్యతోనే చేయాలి. మన దుమ్ముకు ముందు వైపు మూడు లోపలికి, వెనుక ఒకటీ పైన ఒకటీ బయటికి పెట్టి, ముందు జాలీకి ఫిల్టరు తగిలించడం సరైన ఏర్పాటు. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే సందుల్లో నుంచి గాలి బయటికే పోతుంది, వడకట్టని దుమ్ము ఆ సందుల గుండా లోపలికి రాదు. ముందంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్టుకు ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాగడానికి గాలే ఉండదు, ఆ సంగతి కొనేటప్పుడే ఆలోచించాలి.

హబ్‌ను మదర్‌బోర్డు పళ్లెం వెనుక అతికించాలి. వేడికి జిగురు కరిగి జారే అవకాశం ఉంది కాబట్టి జిప్ టైతో కూడా కట్టడం మంచిది. వేగం వెనక్కి పంపే సాకెట్టుకు, సాధారణంగా ఒకటవ నంబరు లేదా వేరే రంగుది, ముందు వైపు ఫ్యాన్లలో ఒకదాన్ని తగిలించాలి. మిగిలినవి ఏ క్రమంలో ఉన్నా ఫరవాలేదు. హబ్ నుంచి వచ్చే సన్నని తీగను సిస్ ఫ్యాన్ లేదా చాసిస్ ఫ్యాన్ అని రాసిన హెడరుకు, గాడి కుదిరేలా పెట్టాలి. సాటా తీగను మాత్రం హార్డు డిస్కులు వరుసగా ఉన్న తీగ నుంచి కాకుండా ఖాళీగా ఉన్న మరో తీగ నుంచి తీసుకోవడం మంచిది. హార్డు డిస్కు కూడా మొదలయ్యే క్షణంలో 12 వోల్టుల మీద గట్టిగా లాగుతుంది. మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక తీగల్లో, తీగలను ప్లాస్టిక్కులో అచ్చుపోసి మూసేసిన రకాన్ని వాడకూడదు. లోపల తీగలు ఒకదానికొకటి తాకి కాలిపోయే ప్రమాదం ఉన్నవి అవే.

ప్రాసెసరు ఫ్యానును దాని సొంత హెడరులోనే ఉంచాలి. వాటర్ కూలరు పంపును ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ హబ్‌కు తేకూడదు. క్యాబినెట్టు ఫ్యాన్లు నెమ్మదించినప్పుడల్లా పంపు కూడా నెమ్మదిస్తుంది. బోర్డు మీద ప్రాసెసరు హెడరు తప్ప మరొకటి లేకపోతే మాత్రం, హబ్‌ను దానికే కలిపి, ప్రాసెసరు ఫ్యానును ఒకటవ సాకెట్టులో పెట్టాలి. అలా పెట్టకపోతే బోర్డుకు వేగం అందక, ప్రతిసారీ సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అంటూ ఆగిపోతుంది.

బయోస్‌లో చేయవలసినవి

కంప్యూటరు మొదలయ్యేటప్పుడు డిలీట్ మీటను, కొన్నింటిలో ఎఫ్2 మీటను, నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. ఫ్యాన్ల పేజీని ఏసుస్‌లో క్యూ ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ, ఎమ్మెస్సైలో హార్డ్‌వేర్ మానిటర్ అనీ, ఏఎస్‌రాక్‌లో ఫ్యాన్‌టాస్టిక్ ట్యూనింగ్ అనీ పిలుస్తారు. పేర్లు వేరైనా లోపలి అమరిక దాదాపు ఒకటే.

ముందు మోడ్. హబ్ ఉంటే ఆ హెడరును తప్పనిసరిగా పీడబ్ల్యూఎంలో పెట్టాలి. ఆటో మీద వదిలితే కొన్ని బోర్డులు పొరపాటుగా డీసీ ఎంచుకుంటాయి. అప్పుడు బోర్డు తన రెండవ పిన్ను మీద వోల్టేజి తగ్గిస్తుంది, హబ్ ఆ పిన్నును వాడదు కాబట్టి ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటాయి. పాత బోర్డులు కొన్నింటిలో క్యాబినెట్టు హెడరుకు నాలుగు పిన్నులు కనిపిస్తాయి గానీ నాలుగవది నిజమైన పీడబ్ల్యూఎం కాదు, వోల్టేజితోనే నియంత్రణ. అటువంటి బోర్డు మీద హబ్‌ను ప్రాసెసరు హెడరుకు కలపడమే దారి.

తరువాత ఉష్ణోగ్రత ఆధారం, అంటే ఏ భాగపు వేడిని బట్టి ఫ్యాన్లు తిరగాలో; ఆపై వేగపు గీత, అంటే ఎంత వేడికి ఎంత శాతం వేగమో. మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఆలోచించవలసిన చోటు ఇదే. ఏ ఫ్యానూ ప్రాసెసరును గది గాలి కంటే చల్లగా చేయలేదు. ప్రాసెసరు వేడి అంటే గది వేడికి పని వల్ల పుట్టిన వేడి కలిపినదే. 25 డిగ్రీల గదిని ఊహించుకొని తయారుచేసిన గీతను 40 డిగ్రీల గదిలో వాడితే, ఖాళీగా ఉన్న ప్రాసెసరు కూడా 50 దాటి ఉంటుంది, ఫ్యాన్లు ఏ పనీ లేకుండానే రోజంతా అరుస్తాయి. గది ఎంత వేడెక్కితే గీతను సుమారు అంత కుడివైపుకు జరపాలి. శీతాకాలంలో 45 డిగ్రీల దాకా 30 శాతం పెట్టినవారు వేసవిలో 55 దాకా 40 శాతం ఉంచి, 65 దగ్గర 60, 75 దగ్గర 85, 80 దాటితే 100 శాతం అన్నట్టు పెట్టుకోవచ్చు. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. తరువాత మీ యంత్రాన్ని బట్టి సవరించుకోవాలి. బయోస్‌లో రెండు ప్రొఫైళ్లుగా దాచుకునే వీలుంటే హోలీ వెళ్లాక ఒకటి, వానలు పడ్డాక మరొకటి మార్చుకుంటే సరిపోతుంది.

ప్రాసెసరు వేడి సెకను సెకనుకూ ఎగసిపడుతుంది, దాన్ని వెంబడిస్తూ ఐదు ఫ్యాన్లు ఒక్కసారిగా లేచి తగ్గుతుంటే పక్కవారికి కూడా చికాకే. వేగం పెరగడానికీ తగ్గడానికీ తీసుకునే స్టెప్ అప్, స్టెప్ డౌన్ సమయాలను కొన్ని సెకన్లకు పెంచితే, లేదా ఆధారాన్ని మదర్‌బోర్డు ఉష్ణోగ్రతకు మారిస్తే, ఆ ఊపు తగ్గుతుంది. గేమ్‌లు, వీడియో పనులు చేసేవారికి అసలు వేడి గ్రాఫిక్స్ కార్డుది. బయోస్ సాధారణంగా దాన్ని చూడలేదు. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండింటిలో ఏది వేడిగా ఉంటే దానిని అనుసరించేలా పెట్టవచ్చు. లినక్స్‌లో ఎల్ఎం సెన్సర్స్, దానితో పాటు వచ్చే పీడబ్ల్యూఎం కాన్ఫిగ్ ఆ పని చేస్తాయి.

పరీక్ష

బయోస్‌లోనే వేగాన్ని 100 శాతానికి, తరువాత 40కి, తరువాత 20కి మార్చి ప్రతి ఫ్యానునూ కళ్లతో చూడాలి. బోర్డు చూపే అంకె ఒక్క ఫ్యానుది మాత్రమే, మిగిలిన నాలుగూ ఆగిపోయినా ఆ అంకె మారదు. రకరకాల కంపెనీల ఫ్యాన్లు కలిపితే ఒకే శాతానికి ఒక్కొక్కటి ఒక్కో వేగంతో తిరుగుతుంది, 20 శాతం దగ్గర కొన్ని ఆగిపోవచ్చు కూడా. అన్నీ తిరిగే కనీస శాతం ఎంతో చూసి, గీత అడుగును దానికంటే కొంచెం పైన ఉంచాలి. తరువాత పని బాగా పెట్టి అరగంట నడిపి, హబ్ కరెంటు కనెక్టరును వేలితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉండవచ్చు, వేలు ఉంచలేనంత వేడి మాత్రం పట్టు వదులుగా ఉందని చెబుతుంది.

ఒక్క ఫ్యాను వేగమే తెలుస్తుంది కనుక నెలకొకసారి పక్క పలక తీసి అన్నీ తిరుగుతున్నాయో లేదో చూడటం ఈ ఏర్పాటులో తప్పనిసరి పని. అదే సమయంలో ఫిల్టరు కడిగి, పూర్తిగా ఆరబెట్టి తిరిగి పెట్టవచ్చు. బ్లోయరుతో దుమ్ము కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, మోటారు తిరగేసి విద్యుత్తును కూడా పుట్టిస్తుంది. ఇక వేసవిలో ప్రతి ఇంట్లోనూ నడిచే ఎయిర్ కూలరు సంగతి: దాని మూతిని క్యాబినెట్టు వైపు తిప్పకూడదు. గది చల్లబడితే కంప్యూటరుకూ లాభమే, కానీ నీటి తుంపరలతో వచ్చే గాలి నేరుగా ముందు ఫ్యాన్ల గుండా లోపలికి పోతే బొగ్గు దుమ్ము బోర్డు మీద ముద్దగా అంటుకుంటుంది, దానిని ఏ బ్లోయరూ ఊడ్చలేదు.